కాటా పక్కన టేపు కూడా ఉంచండి: పోషకాహార సంస్థకు బహిరంగ లేఖ

జాతీయ పోషకాహార సంస్థ సంచాలకులు గారికి,
తార్నాక, హైదరాబాద్.



2020లో మీ సంస్థ పోషక అవసరాల నివేదికను సవరించినప్పుడు రెండు అంకెలు బయటికొచ్చాయి: పురుషుడికి 65 కిలోలు, స్త్రీకి 55 కిలోలు. ఈ దేశపు మనిషికి రోజుకు ఎన్ని క్యాలరీలు, ఎంత ప్రొటీన్, ఎంత ఇనుము కావాలో లెక్క కట్టాలంటే ఎక్కడో ఒకచోట ఒక మనిషిని ఊహించుకోక తప్పదు. ఆ ఊహామనుషుల బరువులవి. పత్రికల శీర్షికల్లోకి ఎక్కేసరికి మాత్రం మనమందరం ఉండాల్సిన బరువులైపోయాయి. ఇవాళ్టికీ పార్కులో పొద్దున్నే నడిచేవాళ్లను పలకరిస్తే ‘యాభై అయిదుకు రావాలండీ, ఇంకా చాలా ఉంది’ అనే ఆవిడ ఎవరో ఒకరు తగులుతారు. ఆ యాభై అయిదు ఎవరు చెప్పారంటే ‘గవర్నమెంటు వాళ్లే చెప్పారట’ అంటారు. ఆ గవర్నమెంటు వాళ్లు మీరే కాబట్టి ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

ఆ ఊహామనుషుల ఎత్తు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆ స్త్రీ 162 సెంటీమీటర్లు, పురుషుడు 177. పెళ్లిలో గ్రూపు ఫొటోకి నిలబెడితే ఇద్దర్నీ వెనక వరసలోకి పంపించేస్తారు. మన ఆడవాళ్ల సగటు ఎత్తు అయిదడుగుల దగ్గర, అంటే 152 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అయిదడుగుల మనిషి 55 కిలోలుంటే బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 23.7 వస్తుంది. అయిదడుగుల అయిదంగుళాల మగవాడు 65 ఉంటే 23.8. ఆసియా వాళ్లకు 23 దాటితే అధిక బరువేనని 2024లో మీరు విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలే అంటున్నాయి. నోరు కట్టుకుని, మెట్లెక్కి దిగి, చెమటోడ్చి చివరికి 55కి చేరిన ఆ అయిదడుగుల ఆవిడ మీరు గీసిన గీతకు అవతలే ఉంటుంది. గీత ప్రకారం చూస్తే ఆవిడ 43 నుంచి 53 కిలోల మధ్య ఎక్కడున్నా ఫరవాలేదు. ఆ మగవాడికైతే 50 నుంచి 62.

పది కిలోల వెడల్పున్న జవాబు ఎవరికీ రుచించదని నాకు తెలుసు. ‘అదంతా సరే, కచ్చితంగా ఎంతుండాలి?’ అని అడుగుతారు. అడిగేవాళ్లది తప్పనలేం. పరీక్షలో మార్కులు, ఎంట్రన్స్‌లో ర్యాంకు, ఇలా బతుకంతా ఒక్క అంకెతో తేల్చుకోవడం అలవాటైపోయింది. ఒక్క అంకె కావాలనే కోరిక ఉన్నచోట దాన్ని అమ్మేవాళ్లకు కొదవుండదు.

ఫోన్‌లో ‘ఐడియల్ వెయిట్’ లెక్కగట్టే ఆప్‌లనే చూడండి. అయిదడుగుల రెండంగుళాల స్త్రీ అని కొడితే చాలావాటిలో 50.1 కిలోలు అని వస్తుంది. ఆ పాయింట్ వన్ చూస్తే ఎంతో లోతుగా కొలిచి చెప్పినట్టుంటుంది. దాని పుట్టుక వేరు. 1974లో డివైన్ అనే ఆయన జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ మోతాదు నిర్ణయించడానికి ఒక సులువు సూత్రం రాశాడు. ఆడవాళ్లకు అయిదడుగుల దగ్గర 45.5 కిలోలు, అక్కణ్నుంచి అంగుళానికి 2.3 కిలోల చొప్పున కలుపుకుంటూ పోవడమే. ఆస్పత్రిలో మందు ఎక్కువ తక్కువ కాకుండా చూసుకోవడానికి రాసుకున్న ఆ లెక్క, యాభై ఏళ్ల తర్వాత మన అమ్మాయిలు రాత్రి అన్నం మానేయడానికి కారణమవుతోంది.

అంతకు ముందున్న పట్టికలది ఇంకో కథ. అమెరికాలో మెట్రోపాలిటన్ లైఫ్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ 1942, 43లలో తన పాలసీదారుల లెక్కలు ముందేసుకుని, ఏ బరువు వాళ్లు ఎక్కువ కాలం బతికి కంపెనీకి లాభం తెస్తున్నారో చూసి ‘ఆదర్శ బరువుల’ పట్టిక వేసింది. ఎముకల గూడును బట్టి చిన్న గూడు, మధ్యరకం గూడు, పెద్ద గూడు అని మూడు వరసలు పెట్టింది. ఎవరిది ఏ గూడో ఎలా తేల్చుకోవాలో మాత్రం చెప్పలేదు. మోచేతి ఎముక వెడల్పు కొలవండని 1983 పట్టికలో గానీ రాయలేదు. అప్పటిదాకా పెద్ద గూడు వరసలో తమను తామే కూర్చోబెట్టుకున్న జనం ఎంతమందో! ‘మా వంశంలో ఎముకలు బరువండీ’ అనేవాళ్లు మనకూ తక్కువేం లేరు. ఎముకలన్నీ కలిపి తూచినా ఒంటి బరువులో ఆరో ఏడో వంతుకు మించవు. గూడు చిన్నదైనా పెద్దదైనా కొద్ది కిలోల తేడాయే తప్ప, పదిహేను కిలోల పొట్టను ఎముకల ఖాతాలో వేయడం కుదరదు.

బీఎంఐ కూడా వైద్యుల ఇంట పుట్టింది కాదు. బెల్జియం దేశపు ఖగోళ శాస్త్రవేత్త క్వెట్లే 1830లలో ‘సగటు మనిషి’ ఎలా ఉంటాడో వెతుకుతూ, బరువు ఎత్తు వర్గంతో పాటు పెరుగుతుందని గమనించాడు. 1972లో ఆన్సెల్ కీస్ అయిదు దేశాల మగవాళ్ల కొలతలు తీసుకుని దానికి ఇప్పటి పేరు పెట్టాడు. ఆ దేశాల్లో మనది లేదు, ఆ మనుషుల్లో ఒక్క ఆడమనిషీ లేదు. అలాగని బీఎంఐని చెత్తబుట్టలో పడేయమనడం లేదు. ఊరికి, జిల్లాకు, రాష్ట్రానికి లెక్క తీయాలంటే అంత చౌకైన సాధనం ఇంకోటి దొరకదు. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి ‘నీ ఒంటికి ఇది తగిన బరువు’ అని చెప్పాల్సి వచ్చినప్పుడే అది చేతులెత్తేస్తుంది.

ఇక్కడే ‘బాడీ టైప్’ అనే మాట జిమ్‌ల నుంచి దూసుకొస్తుంది. నువ్వు ఎక్టోమార్ఫ్ (బక్క), నువ్వు ఎండోమార్ఫ్ (బొద్దు) అని చేరిన రోజే చీటీ అంటించి, దానికి తగ్గ పౌడర్ డబ్బా కూడా అంటగట్టే చోట్లున్నాయి. ఈ మాటలు 1940లో విలియం షెల్డన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పెట్టినవి. ఒంటి తీరును బట్టి మనిషి స్వభావం చెప్పొచ్చని ఆయన వాదించాడు. బక్కవాడు బిడియస్థుడు, బొద్దువాడు భోజనప్రియుడు అన్న తరహా. ఆ సిద్ధాంతాన్ని శాస్త్రం ఎప్పుడో పక్కన పెట్టేసింది. చీటీలు మాత్రం మిగిలాయి.

మన ఒంటి తీరు గురించి చెప్పాలంటే షెల్డన్ కంటే పుణె వాళ్ల మాట వినాలి. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యుల ఫొటో పక్కపక్కనే పడింది. ఒకరు పుణె కేఈఎం ఆస్పత్రికి చెందిన యాజ్ఞిక్, ఇంకొకరు బ్రిటన్‌కు చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ అచ్చంగా ఒకటే, 22.3. కాటా మీద చూస్తే అన్నదమ్ములే. ఒంట్లో కొవ్వు కొలిస్తే మారథాన్లు పరుగెత్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఆ తేడా పెద్దయ్యాక కూర్చుని తిన్నందువల్ల మాత్రమే వచ్చింది కాదని కూడా యాజ్ఞిక్ బృందమే చూపించింది. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ బిడ్డలది 3.5. మన బిడ్డల కండలు, కడుపులో అవయవాలు చిన్నవిగా ఉంటే, చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. సన్నగా పుట్టిన బిడ్డ కూడా కొవ్వును దాచుకునే పుట్టింది.

ఈ సంగతి మీకు నేను చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పినట్టే. హైదరాబాద్ పక్కనున్న 29 ఊళ్లలో 1987 నుంచి 1990 దాకా గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం ఇచ్చి, ఇవ్వని ఊళ్లతో పోల్చి, ఆ పిల్లలు పెరిగి పెద్దయ్యేదాకా వెంటే ఉన్నది మీ సంస్థే. అదనపు తిండి అందిన ఊళ్ల పిల్లలు ఒకటిన్నర సెంటీమీటరు దాకా పొడవు పెరిగారు. కౌమారానికి వచ్చేసరికి వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోందని, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయని 2008లో బయటపడింది. ఒంట్లో కొవ్వూ కండా పాళ్లు మాత్రం రెండు రకాల ఊళ్లలోనూ ఇంచుమించు ఒకటే. కాటా కనిపెట్టలేని తేడా రక్తంలో ఉంది. ఇంత విషయం మన మట్టి మీదే తేలితే, అది మన భాషలో మన ఇళ్లకు చేరాలా వద్దా?

మన తెలుగు ఒంటి తీరు ఏమిటో చెప్పమంటే నేనైతే మా వీధి టైలర్‌ను అడుగుతాను. ఆయన దగ్గర కొలతల పుస్తకాలు దొంతరలుగా ఉన్నాయి. ఒకే మనిషికి పెళ్లినాటి షర్టు కొలత, కొడుకు పెళ్లినాటి షర్టు కొలత రెండూ వాటిలో దొరుకుతాయి. భుజం మారదు, చేతి పొడవు మారదు, దండ చుట్టూ కాస్త తగ్గుతుంది కూడా. పొట్ట దగ్గర మాత్రం అంగుళాలకు అంగుళాలు పెరుగుతుంది. ‘కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉంటాయి సార్, మధ్యలో కుండ’ అంటాడాయన. పెద్ద పెద్ద వైద్య పత్రికలు పేజీలకొద్దీ రాసింది ఇదే. ఇంకో రహస్యం కూడా ఆయనే చెప్పాడు: మగవాళ్లు పొట్ట పెరిగినకొద్దీ ప్యాంటును కిందికి జార్చుకుంటారట. ఇరవై ఏళ్లుగా నాది 34 నడుమే అని గర్వంగా చెప్పుకునేవాడి 34 బొడ్డుకు నాలుగు వేళ్ల కింద ఉంటుంది. ఆడవాళ్లకు ఆ అవస్థ కూడా లేదు. లంగా బొందు ఎంత వదులైనా అవుతుంది, చీర ఎంత నడుమునైనా దాచేస్తుంది.

అందుకే టేపు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు సరిగ్గా మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా చుట్టాలి. మనవాళ్లకు ఆడవాళ్లయితే 80 సెంటీమీటర్లు, మగవాళ్లయితే 90 దాటకూడదని 2009లో మన దేశ నిపుణులు ఒక మాటకొచ్చారు. బ్రిటన్ వాళ్లు 2022 నుంచి ఇంకా తేలిక చేశారు: నడుము మీ ఎత్తులో సగానికి లోపల ఉంచుకోండి, అంతే. టేపు లేని ఇంట్లో పురికొస చాలు. తల నుంచి మడమ దాకా కొలిచి తెంపి, దాన్ని రెండుగా మడిచి పొట్ట చుట్టూ తిప్పాలి. రెండు కొసలూ కలవకపోతే విషయం తెలిసిపోయినట్టే. మొలతాడు బిగుసుకోవడం చూసి పిల్లాడు ఒళ్లు చేశాడని పసిగట్టిన అమ్మమ్మలున్న ఇళ్లు మనవి. వాళ్లకిది నేర్పడానికి ఎంతసేపు పడుతుంది?

టేపు ఎందుకు ముఖ్యమో లెక్కలే చెబుతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారి జనం నడుములు కూడా కొలిచింది. బీఎంఐ 25 దాటిన ఆడవాళ్లు దేశంలో వందకు 24 మంది. నడుము 80 దాటినవాళ్లు వందకు 40 మంది అని ఆ కొలతలతో తర్వాత వచ్చిన విశ్లేషణ తేల్చింది. మధ్యలో ఉన్న ఆ పదహారు మంది కాటా మీద నిలబడి ‘నాకేం, బాగానే ఉన్నాను’ అనుకుని దిగిపోయినవాళ్లు. ఇక మన రాష్ట్రాల్లో కాటా దగ్గరే బండి చాలా దూరం పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది ఆడవాళ్లు, తెలంగాణలో 30 మంది ఆ 25 గీతను దాటారు. అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని కూడా తేలింది. ఒళ్లుంది, రక్తం లేదు. బరువు తగ్గాలని వీళ్లకు చెప్పేటప్పుడు తిండి తగ్గించమంటే సరిపోదని మీకంటే ఎవరికి తెలుసు.

సరే, ఇంతకీ నా ఒంటికి తగిన బరువు ఎంత అంటారా. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో రాయ్ టేలర్ అనే ప్రొఫెసర్ దీనికి నాకు నచ్చిన జవాబు చెప్పారు. కొవ్వు దాచుకునే చోటు ఒక్కో ఒంటికి ఒక్కో కొలతలో ఉంటుంది. అది నిండితే మిగిలింది కాలేయంలోకి, క్లోమంలోకి చేరుతుంది. షుగర్ అక్కణ్నుంచి మొదలవుతుంది. ఒకరికి ఆ హద్దు 90 కిలోల దగ్గర ఉండొచ్చు, ఇంకొకరికి 62 దగ్గరే. ఆయన బృందం లావుగా లేని షుగర్ రోగులు 20 మందిని తీసుకుని, వాళ్ల సగటు బీఎంఐని 24.8 నుంచి 22.5 దగ్గరికి తెస్తే, 14 మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. చిన్న అధ్యయనమే. అయినా ‘మా అన్నకు లేని షుగర్ నాకెందుకొచ్చింది, నేనే సన్నంగా ఉన్నానుగా’ అని వాపోయే తమ్ముళ్లకు ఇంతకంటే సూటైన సమాధానం నాకు కనబడలేదు.

అంటే తగిన బరువును పట్టికలో వెతకడం కంటే ఒంట్లో వెతకడం మేలు. పరగడుపున షుగర్, బీపీ, ట్రైగ్లిజరైడ్లు సరిగ్గా ఉండి, నడుము ఎత్తులో సగంలోపు ఉండి, రెండంతస్తులు ఆయాసం లేకుండా ఎక్కగలిగితే, ఆ రోజు కాటా చూపించే అంకే చాలామందికి తగిన బరువు. అది పట్టికకు రెండు కిలోలు అటో ఇటో ఉన్నా దానికోసం నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఇవి సరిగ్గా లేకపోతే, ఇప్పుడున్న బరువులో నూటికి అయిదు వంతులు తగ్గడం మొదటి మజిలీ. 70 కిలోల మనిషికి మూడున్నర కిలోలు. అక్కడ ఆగి మళ్లీ పరీక్షలు చేయించుకోవాలి. ఇంకా కావాలంటే ఇంకో మూడు. పాతిక కిలోలు తగ్గాలని మొదటిరోజే శపథం పట్టినవాళ్ల ట్రెడ్‌మిల్ మీద మూడో నెలకల్లా తువ్వాళ్లు ఆరుతుంటాయి.

వారానికి అరకిలో తగ్గితే క్షేమం, రోజుకు వెయ్యి క్యాలరీలకు తక్కువైన తిండి ఎవరికీ వద్దు అని మీ మార్గదర్శకాల్లోనే ఉంది. ఈ ఒక్క వాక్యం ఊరి బస్టాండ్లలో రాయిస్తే ‘నెలలో పది కిలోలు’ బోర్డులు చాలావరకు దిగిపోతాయి. మన దగ్గర ఉప్పూ నూనె ముట్టొద్దన్న కాలం ఒకటి నడిచింది, కొబ్బరినూనె తాగమన్న కాలం ఇంకోటి నడిచింది. రెండు కాలాల్లోనూ మొదటి వారం కాటా టకటకా దిగింది. ఆ దిగినదాంట్లో నీళ్ల వాటా ఎంతో ఎవరూ అడగలేదు. ఉప్పు మానితే నీరు పోతుంది, అన్నం మానితే నీరు పోతుంది. రాత్రి ఆవకాయ ఓ పట్టు పడితే పొద్దున్నే కాటా కిలో ఎక్కువ చూపిస్తుంది. రోజుకు మూడుసార్లు కాటా ఎక్కేవాళ్లు కొవ్వు పేరుతో నీళ్లను తూస్తుంటారు.

చెన్నైలో జరిగిన పని ఒకటి ఈ చర్చలో ఎవరూ ఎత్తరు, నాకు బాధగా ఉంటుంది. షుగర్ రావడానికి సిద్ధంగా ఉన్న 531 మందిని రామచంద్రన్ గారి బృందం వెంటాడి, 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాతో వదిలేసిన వాళ్లలో మూడేళ్లకు వందకు 55 మందికి షుగర్ వచ్చింది. నడక, తిండి మార్చుకున్న గుంపులో 39 మందికే వచ్చింది. చిత్రం ఏమిటంటే, ఆ గుంపు బరువు చెప్పుకోదగ్గంత తగ్గనే లేదు! అమెరికాలో ఇలాంటి అధ్యయనమే 2002లో ఏడు శాతం బరువు తగ్గడం లక్ష్యంగా పెట్టుకుని ఇంకా పెద్ద ఫలితం సాధించింది, కాబట్టి బరువు అనవసరం అనను. కానీ కాటా కదలలేదని రెండో నెలలో చెప్పులు అటకెక్కించేవాళ్లకు ఈ చెన్నై సంగతి తెలియాలి. అంకె కదలకపోయినా నడక పని నడక చేసుకుపోతూనే ఉంటుంది.

బరువు తగ్గినప్పుడల్లా సంబరపడే అలవాటు గురించి కూడా మీరు ఒక మాట చెప్పాలి. ‘ఏంటండీ, భలే చిక్కిపోయారు, రహస్యం చెప్పండి’ అని పెళ్లిలో పదిమంది పొగిడిన మనిషికి పదిహేను రోజుల తర్వాత షుగర్ నాలుగు వందలుందని తేలడం మన చుట్టూ జరిగేదే. ఏ ప్రయత్నమూ చేయకుండా ఆరు నెలల్లో, ఏడాదిలో నూటికి అయిదు వంతులు తగ్గితే అది డాక్టర్‌కు చెప్పాల్సిన కబురు. అరవై అయిదు దాటిన వాళ్ల విషయంలో మరీనూ. ఆ వయసులో కాస్త ఒళ్లుండటం కంటే కండ కరిగిపోవడం ప్రమాదం. పడితే లేపేది కండే. తాతగారి చేత రాత్రిపూట పుల్కాలు మాత్రమే తినిపిస్తూ మురిసిపోయే కోడళ్లకు, కొడుకులకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

అలాగే నాట్లు వేసే, ఇటుకలు మోసే మనిషి ఒళ్లు వేరు. 153 సెంటీమీటర్ల కూలీ మనిషి 56 కిలోలుండి, నడుము 74 ఉంటే ఆమెను అధిక బరువు అని ఫారంలో టిక్కు పెట్టి పంపడం అన్యాయం. అదే బరువున్న, నడుము 90 ఉన్న ఆఫీసు మనిషికి ఇదే టిక్కు ఆలస్యంగా వచ్చిన హెచ్చరిక. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్లకు ఇంకో చిక్కు. అక్కడి సాధారణ పట్టికలో బీఎంఐ 24 అంటే నార్మల్. ఆసియా మూలాలున్నవాళ్లకు 23 దాటగానే షుగర్ పరీక్ష చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే చెప్పింది, అయినా నార్మల్ అన్న మాట చూసి ఇంటికొచ్చి నిశ్చింతగా పడుకునేవాళ్లే ఎక్కువ.

ఈ ప్రశ్నకు ఇప్పుడే ఇంత తొందర ఎందుకంటే, 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే సూదిమందులు మన మార్కెట్లోకి వచ్చాయి. వారానికో సూదితో ఆకలి చచ్చిపోయి బరువు దిగుతుంది. అవసరమైన వాళ్లకు అవి నిజంగా మేలు చేసే మందులే, వాటిని ఆడిపోసుకోను. ఇన్నాళ్లూ ఎంత తగ్గాలన్నది మాటల్లోనే ఉండేది, ఎలాగూ తగ్గేవాళ్లం కాదు. ఇప్పుడు డబ్బుంటే ఎక్కడిదాకా కావాలంటే అక్కడిదాకా దించుకోవచ్చు. కొవ్వుతో పాటు కండా పోతుంది. ఎక్కడ ఆగాలో తెలియకుండా బండెక్కే జనానికి, ఆగాల్సిన స్టేషన్ పేరు మీలాంటివాళ్లు కాకపోతే సూదులమ్మేవాళ్లు చెబుతారు.

ఇక నా కోరికలు. 65, 55 అని అచ్చేసిన ప్రతిచోటా, ఇవి లెక్కల కోసం పెట్టుకున్న బరువులని, ఎవరి ఎత్తును బట్టి వాళ్ల హద్దులు వేరని పక్కనే తెలుగులో రాయించండి. ఎత్తుకు తగ్గ బరువు హద్దులు, నడుము హద్దు, చేయించుకోవాల్సిన పరీక్షలు ఒక్క కాగితం మీద, కళ్లజోడు మరిచిపోయి వచ్చినవాళ్లూ చదవగలిగేంత అక్షరాల్లో వేసి, తెలంగాణలో పల్లె దవాఖానాలకు, బస్తీ దవాఖానాలకు, ఆంధ్రాలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లకు ఇప్పించండి. కాటా ఉన్నచోట టేపు, దాని పక్కన ఒక తెర. చీర కట్టుకున్న మనిషి అందరి ముందూ పొట్ట కొలిపించుకోదు.

టేపు పట్టే మనిషిని కొత్తగా వెతకనక్కర్లేదు. ముప్ఫై దాటిన వాళ్ల ఇళ్లకు వెళ్లి ఆశా కార్యకర్తలు నింపే చెక్‌లిస్టులో నడుము కొలత గడి ఇప్పటికే ఉంది, దానికి మార్కులూ ఉన్నాయి. నేను చూసినంతలో ఆ కొలత ఫారంలోకి వెళుతుంది తప్ప, నడుము ఎవరిదో ఆ మనిషికి చెప్పరు. ‘అమ్మా, నీది 88 ఉంది, 80లోపు ఉండాలి, ఈ కాగితం దగ్గర పెట్టుకో’ అనడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం శిక్షణలో చేర్పించగలిగేది మీ మాట. అలాగే ఆ 29 ఊళ్ల జనం ఏళ్లతరబడి మీకు రక్తమిచ్చారు, నడుములు చూపించారు. వాళ్లనుంచి మీరు నేర్చుకున్నది ఒక చిన్న పుస్తకంగా, ముందు ఆ ఊళ్లకే పంచండి.

కాగితం ముసాయిదా తయారైతే నాకొక ప్రతి పంపండి. మా టైలర్‌కు, కింది వీధిలోని ఆశా కార్యకర్తకు, జిమ్‌లో చీటీలంటించే కుర్రాడికి చదివించి, ఎక్కడ అర్థం కాలేదన్నారో గీత గీసి తిరుగు టపాలో పంపిస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
మీ మార్గదర్శకాలు చదివే ఒక తెలుగు పాఠకుడు